కుక్క పోయి నెలైనా తేరుకోలేకపోతున్నా, ముందే కనిపెట్టాల్సిందా?

పదేళ్లు పెంచిన కుక్క కిడ్నీలు పాడై పోయిందని, ముందే కనిపెట్టి ఉంటే బతికేదేమో అన్న ఆలోచన వదలడం లేదని, ఇంట్లోవాళ్లేమో "కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకుందాం" అంటున్నారని రాయగడ నుంచి అడిగారు. మాది పర్లాకిమిడి. మా బ్రౌనీ కూడా ఇదే జబ్బుతో పోయింది కాబట్టి చెప్తున్నా, ఆ "ముందే" అన్నది చాలావరకు మీ చేతిలో లేదండీ.

కుక్కల్లో కిడ్నీలు మెల్లగా పాడవుతుంటే, వాటి పనిలో దాదాపు 75 శాతం పోయేదాకా రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) పెద్దగా పెరగదు. అప్పటిదాకా కనిపించేదల్లా నీళ్లు కాస్త ఎక్కువ తాగడం, ఉచ్చ ఎక్కువ పోయడం. మన ఎండలకి ఏ కుక్క తాగదు చెప్పండి? మా బ్రౌనీ అయితే మంచాన పడే ముందు దాకా పాలబ్బాయి సైకిల్ వెంట వీధి చివరికి పరిగెత్తేది. శ్రీకాకుళం తీసుకెళ్తే డాక్టరు రిపోర్టు చూసి, ఇది ఇవాళ్టిది కాదు, నెలల నుంచి లోపల జరుగుతోంది అన్నారు.

మా అమ్మ ఆ మాటను పట్టుకుంది, నెలల నుంచి జరుగుతుంటే నాకెందుకు తెలియలేదు అని. రాత్రి పఖాళకి, అంటే ఒడియావాళ్ల చద్దన్నానికి, అన్నంలో నీళ్లు పోసే ముందు ఒక గుప్పెడు బ్రౌనీ సత్తు గిన్నెలోకి తీయడం ఆమెకు అలవాటు. అది పోయాక కూడా గుప్పెడు తీసేది, గిన్నె లేదని గుర్తొచ్చి ఒక క్షణం అలాగే నిలబడి, మళ్లీ తపేలాలో వేసేసేది. చద్దన్నం పెట్టబట్టే పోయిందని కూడా అనడం మొదలుపెట్టింది. నా మాట ఎలాగూ వినదు, అందుకే డాక్టరుతోనే ఫోన్లో చెప్పించాను, అన్నం వల్ల కాదమ్మా అని. ఆ రాత్రి కాస్త నిద్రపోయింది. మీరూ మీ డాక్టరును నేరుగా అడగండి, నా వల్లే పోయిందా అని. సిగ్గుపడాల్సిందేం లేదు.

"కుక్కే కదా" అనేవాళ్లతో వాదించకండి, దండగ. మా పెదనాన్నా అదే అన్నారు. పక్కింటి ఒడియా మౌసీ మాత్రం వచ్చి, అమ్మ పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. అమ్మది పాతపట్నం, ఒడియా అంతంతమాత్రం, ఆవిడ తెలుగూ అంతే, అయినా ఇద్దరూ సాయంత్రమంతా బ్రౌనీ గురించే మాట్లాడుకున్నారు. అలాంటి మనిషి ఒక్కరు దొరికితే చాలు. ఎవరూ లేరు, తిండీ నిద్రా సరిగ్గా లేవు అంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంకో కుక్కపిల్ల అంటారా, మీకు మనసైనప్పుడే. ఇంట్లోవాళ్లు సర్‌ప్రైజ్ అంటూ తెచ్చేలోపే గట్టిగా వద్దని చెప్పండి, లేకపోతే ఆ పిల్లను చూసినప్పుడల్లా మీకు కోపమే వస్తుంది, పాపం దానిదేం తప్పు? ఎప్పుడు తెచ్చినా, కిడ్నీలు ఏ కారణంతో పోయాయో ముందు డాక్టరును కనుక్కోండి. ఉన్నట్టుండి పోయుంటే ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) కావచ్చు. ఎలుకల మూత్రం నుంచి కుక్కలకీ మనుషులకీ కూడా వస్తుంది, తడి నేలలో ఆ క్రిములు వారాల తరబడి బతుకుతాయి. అదే అయితే దాన్ని పట్టుకుని సేవ చేసిన మీలో ఎవరికైనా జ్వరం, ఒళ్లు నొప్పులు ఉంటే వెంటనే డాక్టరుకు చూపించి, కుక్క సంగతి కూడా చెప్పండి. కొత్త పిల్లకి దీని టీకా కూడా ఉంది, అడిగి వేయించండి.