అద్దం ముందు: ఇరవై నాలుగు బ్రష్‌లు ఎందుకమ్మా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బ్రష్‌ల గురించే. మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి కదా, ఇంటింటా ఒక మేకప్ ఆర్టిస్టు తయారవుతోంది. అందుకే ఈసారి జుట్టు రాలడం, మొటిమలు పక్కన పెట్టి సామాను సంగతే మాట్లాడుకుందాం. మందులకు డాక్టర్లున్నారు. సామానుకు నాలాంటి పాత పార్లర్ మనిషే దిక్కు.

ప్రశ్న: అమ్మా, మాఘమాసంలో మా అప్ప పెళ్ళి. పెళ్ళికూతురికి బ్యూటీషియన్‌ని మాట్లాడారు. నాకూ, మా చిన్నాన్న కూతుళ్ళిద్దరికీ నేనే వెయ్యాలి. ఆన్‌లైన్‌లో 24 బ్రష్‌ల సెట్టు జిప్పు పర్సుతో సహా 349 రూపాయలకు కనిపించింది. ఇంకోచోట ఒక్క పౌడర్ బ్రష్షే 900. నా దగ్గర వెయ్యి రూపాయలున్నాయి. ఏది కొనమంటారు?
- డిగ్రీ విద్యార్థిని, ఆమదాలవలస

జవాబు: రెండూ వద్దు తల్లీ.

అలాంటి సెట్టు నేనూ కొన్నాను. 2004లో, ఇక్కడ విజయనగరంలో పార్లర్ పెట్టిన కొత్తలో, విశాఖ వెళ్ళి ఒక హోల్‌సేల్ దుకాణంలో. నల్ల పిడులు, ఎర్ర కుచ్చులు, చుట్టి ముడేసే సంచి. ఆ సంచి విప్పి బల్ల మీద పరిస్తే ఆపరేషన్‌కి దిగే డాక్టరమ్మలా ఫీలయ్యేదాన్ని. గజపతినగరం దగ్గర ఒక పెళ్ళికి పట్టుకెళ్ళాను. తెల్లవారుజాము ముహూర్తం. పెళ్ళికూతురి బుగ్గలకు రంగు వేస్తుంటే బ్రష్షు వెంట్రుకలు ఒక్కొక్కటీ ఊడి ఫౌండేషన్‌కి అతుక్కుపోయాయి. వాటిని ట్వీజర్‌తో ఏరుతూ కూర్చున్నాను. పక్కనే ఉన్న నాయనమ్మ తొంగి చూసి, "ఏటమ్మా, గుంటకి గడ్డం మొలిపిస్తన్నావేటి?" అంది. ఇరవై ఏళ్ళయినా ఆ మాట మా పార్లర్‌లో ఇంకా నడుస్తూనే ఉంది. ఆ ఇరవై నాలుగింటిలో నేను నిజంగా వాడినవి ఆరు. మిగిలినవాటిలో రెండు మా అబ్బాయి డ్రాయింగుకి పోయాయి, ఒకటి కుట్టుమిషన్‌లో దుమ్ము దులపడానికి ఇప్పటికీ ఉంది.

బ్రష్షు ఎందుకు గుచ్చుకుంటుందో తెలిస్తే కొనడం సులువు. జపాన్‌లో హిరోషిమా దగ్గర కుమనో అనే ఊరుంది. ఆ దేశంలో తయారయ్యే బ్రష్‌లలో దాదాపు 80 శాతం ఆ ఒక్క ఊరివే. అక్కడివాళ్ళు కుచ్చుని గుండ్రంగా రావాలని కత్తిరించరు. వెంట్రుకల సహజమైన కొసలు పైకి ఉండేలా పేర్చి, ఆ పేర్పుతోనే ఆకారం తెస్తారు. మన చవక సెట్లలో కుచ్చు కట్టేశాక కత్తెరేస్తారు. కొస మొండిగా తెగిపోతుంది, చెంప మీద చీపురు పుల్లలా తగులుతుంది. కుమనో బ్రష్‌లు మనం కొనలేం, కొననక్కర్లేదు కూడా. ఇప్పుడు సింథటిక్‌లోనే కొసలు సన్నగా తేలేలా తయారు చేస్తున్నారు, మంచివి 150, 200 రూపాయలకు దొరుకుతున్నాయి.

"గోట్ హెయిర్" అని రాసుంటే గొప్పదనుకోకు. జంతువుల వెంట్రుక మీద పొలుసులుంటాయి, వాటిలో పొడి బాగా పట్టి నిలుస్తుంది, నిజమే. కానీ క్రీమునీ ఫౌండేషన్‌నీ అదే తాగేస్తుంది. సింథటిక్ వెంట్రుక నున్నగా ఉంటుంది, తాగదు, కడిగితే బేగి ఆరుతుంది. మన సముద్రపు గాలికి, ఈ ఉక్కకి, ఆరకపోతే ఏదైనా ముక్కిపోతుంది. నీకు సింథటికే.

శ్రీకాకుళం జీటీ రోడ్డులో ఫ్యాన్సీ దుకాణాలు చాలానే ఉన్నాయి. ఒక సాయంత్రం వెళ్ళు. బ్రష్షుని కవర్‌లోంచి తీసి చూపించమను. తియ్యనంటే పక్క షాపుకి పో. కుచ్చుని రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగు. ఒకటో రెండో ఊడితే ఫర్వాలేదు, మూడోసారి లాగినా ఊడుతుంటే వదిలెయ్. తర్వాత మణికట్టు లోపలివైపు గుండ్రంగా తిప్పు. అరచేతి మీద తిప్పి చూస్తే తెలియదు, అంట్లు తోమే చెయ్యి కదా మనది. పిడినీ కుచ్చునీ కలిపే రేకుని అటూ ఇటూ కదుపు, లొటలొట అంటే నాలుగు సార్లు కడిగేసరికి తల ఊడి చేతికొస్తుంది. రంగు కుచ్చు అయితే తడి కర్చీఫ్‌తో తుడువు, రంగు అంటుకుంటే అది నీ మొహానికీ అంటుకుంటుంది. ఆన్‌లైన్‌లో ఈ పరీక్షలేవీ కుదరవు. కొన్నవాళ్ళు పెట్టిన ఫొటోలూ, రెండు మూడు నెలలు వాడాక రాసిన మాటలూ వెతికి చదవాలి. "ప్యాకింగ్ సూపర్" అని ఐదు స్టార్లు ఇచ్చినవాళ్ళని నమ్మకు.

ఇక నీ వెయ్యి. మొన్న నేను మా దగ్గర పనిచేసే అమ్మాయికి కొన్నప్పటి లెక్క చెబుతాను. ఫౌండేషన్‌కి స్పాంజ్ 90. పౌడర్‌కి పెద్ద బ్రష్షు 220, డబ్బంతా ఇక్కడే పెట్టు, మొహమంతా తగిలేది అదే. బుగ్గలకు ఏటవాలు బ్రష్షు 150. కంటికి రెండు, రంగు అద్దడానికి చదునుది, అంచులు కలపడానికి మెత్తని కుచ్చుది, చెరో 80. ఐలైనర్‌కి సన్నది 40. మొత్తం 660. మిగిలిన 340లో ఒక చిన్న బేబీ షాంపూ కొనుక్కో, మిగతాది దాచుకో. లిప్‌స్టిక్‌కి బ్రష్షు కొనకు. ఒకే లిప్‌స్టిక్ ముగ్గురూ వాడతారు కాబట్టి ఇయర్ బడ్‌తో తీసి పెట్టుకోండి, మనిషికో బడ్.

అవీ కుదరకపోతే వేళ్ళున్నాయి. మా నాన్న పద్యనాటకాలకు మేకప్ వేసేవాడు. ఆయన ట్రంకు పెట్టెలో బ్రష్‌లు మూడే: మీసాలకొకటి, కనుబొమలకొకటి, పౌడరు దులపడానికి గడ్డం గీసుకునే బ్రష్షు. రావణాసురుడినైనా నారదుడినైనా ఉంగరం వేలితోనే దిద్దేవాడు. ఉంగరం వేలికి బలం తక్కువ, కంటి కింద అదే మంచిది. నువ్వు కూడా కన్సీలర్ దానితోనే అద్దుకో.

ప్రశ్న: మేకప్ స్పాంజ్ మీద చిన్న చిన్న నల్ల మచ్చలు వచ్చాయి. వేడి నీళ్ళలో నానబెట్టినా, డెటాల్ వేసినా పోలేదు. 400 పెట్టి కొన్నది, పారేయడానికి మనసు రావడం లేదు. ఏం చెయ్యాలి?
- గృహిణి, బొబ్బిలి

జవాబు: పారేయండి చెల్లెమ్మా. అది మురికి కాదు, బూజు. పైన కనిపించేది కొంచెమే, లోపల ఎంత పాకిందో కోసి చూస్తే గానీ తెలియదు. వాడాక తడి స్పాంజ్‌ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించి ఉంటారు. అందరూ చేసేదే. ఇంగ్లండ్‌లో ఆస్టన్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో జనం వాడుతున్న మేకప్ సామాను తెప్పించి పరీక్షిస్తే, పదింట తొమ్మిదింటిలో సూక్ష్మజీవులు బయటపడ్డాయి. అన్నిటికంటే ఘోరం స్పాంజ్‌లే. వాటిలో 93 శాతం కొన్నప్పటి నుంచి ఒక్కసారీ కడగనివి. 64 శాతం కింద పడినా తీసి అలాగే వాడినవి. మీరు కనీసం కడిగారు.

ఈసారి 400 పెట్టకండి. స్పాంజ్ ఎంత ఖరీదైనదైనా దాని ఆయుష్షు మూడు నెలలే. 90 రూపాయలది కొని, నీళ్ళలో ముంచి పిండి చూడండి. రెట్టింపు కాకపోయినా బాగా ఉబ్బాలి, దూదిలా మెత్తబడాలి. ఉబ్బనిది ఫౌండేషన్‌ని తనే తాగేస్తుంది. తడిపి, పిండి, పాత తువ్వాలులో మరోసారి వత్తి, అప్పుడు మొహం మీద అద్దండి. రుద్దకండి. వాడిన రోజే సబ్బు రాసి నురుగు తెల్లగా వచ్చేదాకా కడిగి, గాలి తగిలే కిటికీ దగ్గర పెట్టండి. నేనైతే ఇడ్లీ ప్లేటు పాతదొకటి దానికే కేటాయించాను, చిల్లులుంటాయి కాబట్టి కిందా పైనా ఆరుతుంది. మా అత్తగారికి మాత్రం చెప్పలేదు.

బ్రష్‌ల సంగతీ ఇక్కడే చెప్పేస్తాను, చాలామంది అడిగారు. వారం పది రోజులకోసారి కడగమని చర్మ వైద్యుల సలహా. గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల బేబీ షాంపూ, కుచ్చు ఎప్పుడూ కిందికే. నిలబెట్టి ఆరబెడితే నీరు రేకులోకి దిగి జిగురు వదిలేస్తుంది, వెంట్రుకలు రాలేది అందుకే. బల్ల అంచున కుచ్చు గాల్లో ఉండేలా పడుకోబెట్టండి. ఎండలో వద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు.

ప్రశ్న: నేను టైలరింగ్ చేస్తాను. బ్యూటీషియన్ కోర్సు పూర్తయింది. ఇంట్లోనే ముందు గదిలో చిన్నగా పార్లర్ మొదలుపెట్టాలని ఉంది. సామానుకి తక్కువలో ఎలా పోవాలి? ఒక్కో కస్టమర్‌కీ వేరే బ్రష్‌లు ఉంచాలంటే నా వల్ల కాదు కదా?
- పొందూరు నుంచి ఒక సోదరి

జవాబు: మీ ఊళ్ళో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. అంత సన్న నూలు రావాలంటే ఆ పళ్ళే కావాలి. దాన్ని చూస్తూ పెరిగినవారికి పనిముట్టు గురించి నేనేం చెప్పను! ఆ పనికి ఏది సరిపోతుందో అదే కొనండి, అందంగా ఉందని కొనకండి.

ముందు ట్వీజర్, చిన్న కత్తెర. ఈ రెండింట్లో పొదుపు చెయ్యకండి. ట్వీజర్ మూసి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి, కొసల మధ్య నుంచి వెలుగు కనిపిస్తే వద్దు. ముంజేతి మీద ఒక్క వెంట్రుకని పట్టి చూడండి, జారకుండా రావాలి. కొస ఏటవాలుగా ఉన్నది కొనండి, సూదిమొనది కొత్త చేతికి మంచిది కాదు, చర్మం గిల్లుతుంది.

త్రెడ్డింగ్‌కి నూలు దారం, మనిషి మారితే దారం మారాలి. పళ్ళతో పట్టుకునే అలవాటు కోర్సులో నేర్పి ఉంటే మానేయండి. మెడకి వేసుకుని లాగడం నేర్చుకోవడానికి నాకు పది రోజులు పట్టింది, మా చెల్లెలి కనుబొమలు కాస్త బలయ్యాయి. ఎదుటి మనిషి మొహం మీద మన ఎంగిలి దారం ఎందుకు?

బ్రష్‌లు రెండు జతలు చాలు. ఒకటి పనిలో, ఒకటి ఆరుతూ. మధ్యలో వ్యవధి లేకపోతే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్ప్రే చేసి, టిష్యూ మీద రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. 99 శాతంది ఇంకా బాగా పనిచేస్తుందని దుకాణంలో అంటారు, వినకండి. అది చటుక్కున ఆవిరైపోతుంది, క్రిమి చావడానికి ఆ కాస్త నీరు కావాలి. దీపం, స్టవ్వు దగ్గర్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. కళ్ళకలక ఉన్నవాళ్ళకి కంటి మేకప్ వెయ్యనని మొహమాటం లేకుండా చెప్పేయండి. మస్కారాకి వాడి పారేసే పుల్లలు వస్తాయి, ఒక కట్ట కొనండి. లిప్‌స్టిక్, క్రీములు నేరుగా పూయకుండా స్టీలు పళ్ళెంలోకి ఐస్‌క్రీమ్ పుల్లతో తీసుకుని వాడండి. పళ్ళెం మీ వంటింట్లోదే, కొత్తగా కొనక్కర్లేదు.

ప్రశ్న: కనురెప్పల వెంట్రుకలు వంచే కర్లర్ వాడితే అవి ఊడిపోతాయా? మా ఫ్రెండ్‌కి సగం ఊడాయి, టెన్షన్‌గా ఉంది.
- ఇంటర్ విద్యార్థిని, రాజాం

జవాబు: మస్కారా వేశాక కర్లర్ పెట్టి ఉంటుంది మీ ఫ్రెండ్. మస్కారా అతుక్కుంటుంది, తీసేటప్పుడు రెప్పలు వెంట వస్తాయి. కర్లర్ ముందు, మస్కారా తర్వాత. లోపలి రబ్బరు పట్టీ చిట్లిందేమో ప్రతిసారీ చూసుకోమ్మా, చిట్లితే రేకే రెప్ప వెంట్రుకల్ని తెంపుతుంది. విడి రబ్బరు దొరకని కర్లర్ ఎంత చవకైనా కొనకు.

ప్రశ్న: మా పాప కూచిపూడి నేర్చుకుంటోంది. స్కూలు వార్షికోత్సవానికి కళ్ళు గీయడానికి, నుదుటి బొట్టుకి సన్న బ్రష్‌లు తెమ్మని టీచర్ చెప్పారు. మేకప్ దుకాణంలో ఒక్కోటి 180 అన్నారు. స్టేషనరీ షాపులో బొమ్మలకు రంగులేసే బ్రష్‌లు 30కే ఉన్నాయి. అవి పనికొస్తాయా? మగవాణ్ణి, నవ్వకండి.
- ఒక తండ్రి, సాలూరు

జవాబు: నవ్వడమేంటి అన్నయ్యగారూ, ఈ నెల వచ్చినవాటిలో మంచి ప్రశ్న మీదే. పెళ్ళికూతుళ్ళకి కల్యాణ బొట్టు, బుగ్గన చుక్క నేను గీసేది స్టేషనరీ షాపు బ్రష్షుతోనే. గుండ్రని మొన ఉన్న సింథటిక్‌లో 0 నంబరు ఒకటి, 2 నంబరు ఒకటి తీసుకోండి. తడిపి వేళ్ళతో నొక్కితే మొన సూదిలా కలవాలి, చీలిపోతే ఇంకోటి చూపించమనండి. బ్రష్షు కొత్తదై ఉండాలి, రంగుల్లో ఒక్కసారి మునిగినదైనా కంటి దగ్గరికి రాకూడదు.

షాపులో "కేమెల్ హెయిర్" అంటే ఒంటె వెంట్రుకలనుకోకండి. ఆ పేరుతో అమ్మేవాటిలో ఒంటె ఉండదు, ఉడుతో మేకో మరొకటో ఉంటుంది. ముంగిస వెంట్రుకల బ్రష్షు చాలా బాగుంటుందని ఎవరైనా లోపలి నుంచి తీసి చూపిస్తే మాత్రం అక్కడి నుంచి వచ్చేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముంగిస రక్షిత జంతువు, ఆ వ్యాపారం నేరం.

రంగు మాత్రం మేకప్‌దే కావాలి. వాటర్ కలర్, పోస్టర్ కలర్ చర్మానికి పనికిరావు. కొత్త ఐలైనర్ కొంటే ముందురోజు పాప మోచేతి లోపల ఒక గీత గీసి ఉంచండి, దురద, ఎరుపు లేకపోతేనే కళ్ళకి. ప్రోగ్రాం అయ్యాక కొబ్బరినూనె అద్దిన దూదితో మెల్లగా తుడవండి. బ్రష్‌లు రెండూ కడిగి, ఆరాక, పాప పేరు రాసిన పాత జామెట్రీ బాక్సులో పెట్టి ఎత్తు మీద దాచండి. ఇంట్లో తమ్ముడెవరైనా ఉంటే ఆదివారం నాటికి అవి రంగుల డబ్బాలో తేలతాయి.