ఒకే జోన్‌లో బాగానే ఉండి, జోన్ మారితే ఆగిపోయే కనెక్షన్లు

మూడు ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) అకౌంట్లను ట్రాన్సిట్ గేట్‌వేతో (నెట్‌వర్క్‌లను కలిపే కూడలి) కలిపి, మధ్యలో ఫైర్‌వాల్ వీపీసీ (ఫైర్‌వాల్ ఉండే ప్రైవేట్ నెట్‌వర్క్) పెట్టాక, వేర్వేరు జోన్లలోని (ఒకే రీజియన్‌లో విడివిడి డేటాసెంటర్ల సముదాయాలు) సర్వర్ల మధ్య కనెక్షన్ టైమవుట్ అవుతోందనుకోండి. ఒకే జోన్‌లో అంతా బాగుందంటే, అప్లయన్స్ మోడ్ (ఒక కనెక్షన్ రాకపోకలు రెండింటినీ ఒకే ఫైర్‌వాల్‌కి పంపే గేట్‌వే సెట్టింగ్) ఆన్ చేయకపోవడమే కారణమని దాదాపు ఖాయం.

ఒక ప్యాకెట్ వెంట వెళ్లి చూడండి. ఎ జోన్‌లోని యాప్ పంపిన సిన్‌ను (కనెక్షన్ మొదలుపెట్టే ప్యాకెట్) గేట్‌వే ఎ జోన్ ఫైర్‌వాల్‌కే ఇస్తుంది. బి జోన్‌లోని డేటాబేస్ జవాబు మాత్రం బి ఫైర్‌వాల్‌కి చేరుతుంది. అది ఆ సిన్‌ను చూడనే లేదు, అందుకే సిన్-అక్‌ను (డేటాబేస్ పంపిన ఆ జవాబును) పడేస్తుంది.

ఫైర్‌వాల్ వీపీసీ అటాచ్‌మెంట్‌ను (వీపీసీకి, గేట్‌వేకి మధ్య లంకె) మోడిఫై చేసి అప్లయన్స్ మోడ్ సపోర్ట్ ఎనేబుల్ చేయండి. యాప్ వీపీసీల అటాచ్‌మెంట్లకు అక్కర్లేదు. నడుస్తున్న కనెక్షన్లు తెగే అవకాశం ఉంది, ట్రాఫిక్ తక్కువున్న వేళ చూసుకోండి.

అదే చేత్తో గేట్‌వే సబ్‌నెట్లూ (గేట్‌వే వీపీసీకి తగులుకునే చిన్న నెట్‌వర్క్ భాగాలు) చూడండి. ఫైర్‌వాల్ వీపీసీలో జోన్‌కొకటి, విడిగా, /28 (16 అడ్రస్‌ల) సైజు చాలు. ఒక్కోదానికి సొంత రూట్ టేబుల్ ఉండాలి: ఎ సబ్‌నెట్‌లో 0.0.0.0/0 (వేరే రూట్ లేని ట్రాఫిక్ అంతా) ఎ ఫైర్‌వాల్ ఎండ్‌పాయింట్‌కి, బిలో బికి. రెండింటికీ ఒకే టేబుల్ తగిలిస్తే, ఆ ఎండ్‌పాయింట్ ఉన్న జోన్ పడిపోయిన రోజు రెండూ ఆగుతాయి.

గేట్‌వేలో డిఫాల్ట్ అసోసియేషన్ (కొత్త అటాచ్‌మెంట్‌ను డిఫాల్ట్ రూట్ టేబుల్‌కి తగిలించడం), డిఫాల్ట్ ప్రాపగేషన్ (దాని రూట్లను ఆ టేబుల్‌లో తనంతట చేర్చడం) రెండూ ఆపేయండి. ఇది మాత్రం వాయిదా వేయకండి: లేదంటే రేపు చేరే కొత్త అకౌంట్ ట్రాఫిక్ ఫైర్‌వాల్‌ను తాకకుండానే నేరుగా పక్క వీపీసీకి వెళ్లిపోవచ్చు. గేట్‌వేలో యాప్ వీపీసీల రూట్ టేబుల్‌లో ఫైర్‌వాల్ వైపు 0.0.0.0/0 ఒక్కటే ఉండాలి. యాప్ వీపీసీల ఐపీ రేంజ్‌లు గేట్‌వేలోని ఫైర్‌వాల్ రూట్ టేబుల్‌లోకే ప్రాపగేట్ కావాలి.