సమాధానం: ఫీల్డ్‌లో ఎవరూ నోరు విప్పకపోతే

జనం మధ్య ఉండి వాళ్ల జీవితం తెలుసుకుందామని ఫీల్డ్‌కి వెళ్లి మూడు వారాలైనా అక్కడ అందరూ "ఏమో, తెలీదు" అని తప్పించుకుంటున్నారనీ, మీరు ఆంత్రొపాలజీకి (మానవశాస్త్రానికి) పనికిరారేమోననీ రాశారు. అలా అనుకోకండి. 1930లో సూడాన్‌లో న్యూయెర్ పశుపాలకుల దగ్గరికి వెళ్లిన బ్రిటిష్ ఆంత్రొపాలజిస్ట్ ఎవాన్స్-ప్రిచర్డ్‌కీ ఇదే జరిగింది. పేరు, వంశం అడిగితే ఎదురు ప్రశ్నలే. బ్రిటిష్ పాలకులు అప్పుడే వాళ్ల మీద దాడులు చేసి ఉన్నారు మరి! పశువుల మందల మధ్య డేరా వేసుకుని ఉన్నాకే, ఏ మాటైనా చివరికి ఆవుల దగ్గరికే వస్తుందని ఆయనకి అర్థమైంది.

ముందు ఆ ప్రశ్నావళి సంచిలో పడేయండి. వాళ్ల పనుల్లో ఏదో ఒకదానికి చెయ్యి కలపండి. తప్పుగా చేసినా ఫరవాలేదు, తప్పు దిద్దేటప్పుడే మనుషులు ఎక్కువ మాట్లాడతారు. అక్కడికక్కడ నాలుగు ముక్కలు గీసుకుని, అదే రాత్రి వివరంగా రాయండి. మర్నాటికి వాళ్ల మాటల్లో మీ ఊహ కలిసిపోతుంది. చూసింది, విన్నది, మీకనిపించింది విడివిడిగా ఉండాలి. విసుగుకి వేరే డైరీ పెట్టుకోండి. ఫీల్డ్ పనికి బాట వేసిన ఆంత్రొపాలజిస్ట్ మలినోవ్‌స్కీ అంతటివాడి సొంత డైరీ 1967లో అచ్చయ్యాక, తను పనిచేసిన పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల జనం మీద ఆయన చిరాకు చూసి చాలామంది ముక్కున వేలేసుకున్నారు.

ఇంతకీ మీరెవరో, రాసుకున్నది ఎక్కడికి పోతుందో వాళ్లకి చెప్పారా? చెప్పకపోతే ఆ మౌనం న్యాయమే, అన్నిటికన్నా ముందు అది సరిచేయండి. ఒప్పుకోనివాళ్లని వదిలేయండి, ఒప్పుకున్నవాళ్ల పేర్లు మార్చి రాయండి.

మూడు వారాలు ఏ మూలకీ రావు. ఈ పనికి ఏడాది మామూలు లెక్క.