2000 వాట్ల గీజర్ 190 వోల్టుల దగ్గర ఎంత పవర్ తీసుకుంటుంది? కాయిల్ మార్చాలా?

మీ ప్రశ్న ఇది: 15 లీటర్ల, 2000 వాట్ల గీజర్. సాయంత్రం పూట నీళ్లు కాగడానికి చాలాసేపు పడుతోంది. గీజర్ నడుస్తుండగా సాకెట్ దగ్గర 190 వోల్టులు, క్లాంప్ మీటర్‌లో (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే మీటర్) 7.2 ఆంపియర్లు కనిపించాయి. రెసిస్టెన్స్, పవర్ ఎలా లెక్కకట్టాలి, కాయిల్ పోయిందా అని అడిగారు.

కాయిల్ మార్చకండి, అది బాగానే ఉంది.

వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్ వస్తుంది: 190 ÷ 7.2 = 26.4 ఓములు. రెండింటినీ గుణిస్తే పవర్: 190 × 7.2 = 1368 వాట్లు. గీజర్ మీద రాసిన 2000 వాట్లు 230 వోల్టులు వచ్చినప్పటి లెక్క. ఆ లెక్కన కాయిల్‌కి ఉండాల్సిన రెసిస్టెన్స్ 230 × 230 ÷ 2000, అంటే 26.45 ఓములు. మీకూ అంతే వచ్చింది. క్లాంప్ మీటర్‌లో రెండు మూడు శాతం తేడా మామూలే కాబట్టి ఒక ఓము అటూ ఇటూ వచ్చినా పట్టించుకోనక్కర్లేదు.

వోల్టేజీ 17 శాతం తగ్గితే పవర్ కూడా అంతే తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. కాయిల్‌లో వోల్టేజీతో పాటు కరెంటు కూడా పడిపోతుంది కాబట్టి దెబ్బ రెండుసార్లు తగులుతుంది, పవర్ దాదాపు 32 శాతం పోతుంది. 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు తేవడానికి 15 × 4186 × 30, సుమారు 18.8 లక్షల జౌళ్లు కావాలి. 2000 వాట్లయితే 16 నిమిషాలు, 1368 వాట్లయితే 23 నిమిషాలు. బిల్లు మాత్రం పెరగదు, ఎలాగైనా అర యూనిట్ పైచిలుకే కాలుతుంది. అందుకే ఈ ఏడు నిమిషాల కోసం స్టెబిలైజర్ కొనమని నేను చెప్పను.

అసలు తేల్చుకోవాల్సింది ఆ 190 ఎందుకొచ్చిందన్నది. గీజర్ ఆపేసి, వెంటనే అదే సాకెట్‌లో మళ్లీ వోల్టేజీ చూడండి.

ఆపాక 193, 194 దాకానే లేచిందంటే మీ ఇంట్లో తప్పేమీ లేదు, బయటి నుంచి వచ్చే సప్లయే తక్కువ. సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పెరిగితే ఇలాగే ఉంటుంది. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

ఆపగానే 225కి ఎగిరిందంటే మాత్రం ఆరోజే గీజర్ వాడకం ఆపండి. 35 వోల్టులు దారిలో పోతున్నాయన్నమాట. 35 ÷ 7.2 = 4.9 ఓములు. 35 × 7.2 = 252 వాట్లు. అంత వేడి ఆ దారిలో ఎక్కడో పుడుతోంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సీసాన్ని కరిగిస్తుంది, ఇది దానికి పదింతలు. దీన్ని వైరు సన్నదనం మీదకి నెట్టలేం. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కిలోమీటరుకు 7.4 ఓములు. బోర్డు నుంచి బాత్‌రూమ్‌కి 15 మీటర్లంటే రానూ పోనూ 30 మీటర్లు, 0.22 ఓములు, పోయేది 1.6 వోల్టులే. ఒక చదరపు మిల్లీమీటరు వైరు వేసినా నాలుగు వోల్టులు దాటదు. కాబట్టి 35 పోయిందంటే ఎక్కడో జాయింటు వదులైంది: సాకెట్ స్క్రూ, స్విచ్, ఎంసీబీ టెర్మినల్, లేదా గోడలో టేపు చుట్టిన అతుకు.

ఎక్కడో కనుక్కోవాలంటే కొలిచేంత సేపు మాత్రం గీజర్ వేసి, ఆపి, మెయిన్ బోర్డు దగ్గర అదే కొలత తీయాలి. అక్కడ తేడా రెండు మూడు వోల్టులే ఉంటే లోపం బోర్డుకీ బాత్‌రూమ్‌కీ మధ్య ఉంది, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అక్కడ కూడా ముప్పై పడితే లోపం స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరుదో, స్తంభం దగ్గర న్యూట్రల్ జాయింటుదో. అది లైన్‌మ్యాన్ పని, మీరు ముట్టుకోవద్దు.

కొలిచేటప్పుడు జరిగే పొరపాట్లలో ప్రమాదకరమైనది ఒకటుంది. మల్టీమీటర్ ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా సాకెట్‌లో పెడితే నేరుగా షార్ట్ అవుతుంది, మీటర్ చేతిలోనే పేలవచ్చు. వైరు వోల్టేజీ రంధ్రంలో ఉందో లేదో, నాబ్ ఏసీ 600 లేదా 750 దగ్గర ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి. క్లాంప్‌ని ఫేజ్ వైరు ఒక్కదానికే తగిలించాలి. మొత్తం త్రాడుకు తగిలిస్తే ఫేజ్, న్యూట్రల్ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని సున్నా చూపిస్తుంది. కాయిల్‌ని ఓముల్లో నేరుగా కొలవాలంటే ప్లగ్ పీకేయాలి. నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ కట్ అయి ఉంటే అనంతం చూపించి కాయిల్ కాలిపోయినట్టు భ్రమ పెడుతుంది, నీళ్లు చల్లారాక చూడండి.

ఈ లెక్క గీజర్, ఇస్త్రీ పెట్టె లాంటి వాటికే సరిపోతుంది. ఫిలమెంట్ బల్బు చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే వెలిగేటప్పటి రెసిస్టెన్స్‌లో పదో వంతు కూడా చూపించదు. నీళ్ల మోటారుకైతే వోల్టులు, ఆంపియర్లు గుణించాక పవర్ ఫ్యాక్టర్‌తో (ఆ లబ్ధంలో నిజంగా పవర్‌గా మారే వంతు) కూడా గుణించాలి: ఉదాహరణకు 230 × 6.5 × 0.8 అంటే 1196 వాట్లు. పైగా మోటారు తీరు గీజర్‌కి వ్యతిరేకం, వోల్టేజీ తగ్గేకొద్దీ అది లాగే కరెంటు పెరిగి వైండింగ్ వేడెక్కుతుంది. మీ ఇంట్లో మోటారుంటే సాయంత్రం వేయకుండా, వోల్టేజీ నిండుగా ఉండే తెల్లవారుజామున ట్యాంకు నింపుకోండి.