డెబ్బై వేల వాక్‌మన్ గురించి అల్లునికి

హనుమకొండ

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు పంపిన ఫొటో, దాని కింద "మామా, ఇది కొననా?" అన్న మాట చూశాను. అరగంట కాకముందే మీ అమ్మ ఫోన్. "తమ్ముడూ, వాడు పాటలు వినే డబ్బాకు డెబ్బై వేలు పెడతాడట. నువ్వు చెప్తే వింటాడు, వద్దను" అంది. అక్క మాట కాదనలేను గానీ అడిగింది నువ్వు. అందుకే నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నా. ఫోన్‌లో చెప్తే మధ్యలో నాలుగు టెక్నికల్ మాటలు అడ్డం వేస్తావు. ఉత్తరానికి అడ్డం రాలేవు.

ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. చౌరస్తా దగ్గర రికార్డింగ్ షాపు నడిపిన రోజుల్లో గిరాకీ వచ్చి పాటల లిస్టు చేతిలో పెట్టేవాడు. మామూలు క్యాసెట్‌లో ఎక్కించాలా, మెరుగైన పూత ఉన్న క్రోమ్ క్యాసెట్‌లో ఎక్కించాలా అని అడిగేవాణ్ణి. క్రోమ్‌కు దాదాపు రెట్టింపు తీసుకునేవాణ్ణి. ఆ మనిషి ఇంట్లో టేప్ రికార్డర్‌కు క్రోమ్ అన్న మీట ఉండదని నాకు తెలుసు. మామూలు టేపు సెట్టింగులోనే వాయిస్తాడు. అట్లా వాయిస్తే తాళాలు, గజ్జెలు, స, శ అక్షరాలు ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువగా పలుకుతాయి. అది టేపు గొప్పతనం కాదు, సెట్టింగు తప్పడం. అయినా మర్నాడు వచ్చి "మస్తు క్లియర్ ఉందన్నా" అనేవాడు. నేను తల ఊపేవాణ్ణి. పాట మాత్రం నా దగ్గర అరిగిపోయి చిటపటలాడే ఎల్‌పీ నుంచి ఎక్కించిందే. ఆ క్రోమ్ పైసలతోనే మీ అత్తకు మిక్సీ కొన్నాను. ఈ సంగతి ఆమెకు ఇప్పటిదాకా తెలియదు, నువ్వూ చెప్పకు.

ఇదంతా ఎందుకంటే, నువ్వు చూస్తున్న వీడియోల్లో మాట్లాడేవాళ్లలో చాలామంది అప్పటి నా లాంటివాళ్లే. అబద్ధం చెప్తున్నారని కాదు. ఖరీదైనది చేతిలో ఉన్నప్పుడు చెవి కూడా దాని పక్షానే మాట్లాడుతుంది. 

ఇక నీ డబ్బా సంగతి. నువ్వు పంపింది సోనీ జెడ్‌ఎక్స్707 వాక్‌మన్ ఫొటో. 2023లో మన దేశంలో విడుదలైనప్పుడు దాని ధర 69,990 రూపాయలు. మంచి మిషనే, నేను కాదనను. సోనీ వాళ్ల మొదటి వాక్‌మన్ 1979 జులై 1న జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. ఇద్దరు కలిసి వినాలని దానికి హెడ్‌ఫోన్ రంధ్రాలు రెండు పెట్టారు. మన దగ్గర నేను మొదటిసారి చూసింది చాలా ఏళ్ల తర్వాత, జగిత్యాల నుంచి వచ్చిన ఒకాయన చేతిలో. దుబాయ్ నుంచి రేడియో, టేపు కలిసి ఉండే టూ ఇన్ వన్‌తో పాటు తెచ్చుకున్నాడు. బెల్టు తెగితే నా దగ్గరికి వచ్చాడు. బాగు చేశాక పరీక్షించాలని చెప్పి రెండు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. కాబట్టి నీ మోజు నాకు కొత్త కాదు.

అయితే ఆ రోజుల్లో వాక్‌మన్‌కూ వాక్‌మన్‌కూ ఉన్న తేడా గుడ్డివాడికి కూడా తెలిసేది. చవక మిషన్‌లో మోటారు ఊగేది, పాట సాగేది, సర్ర్‌మని టేపు చప్పుడు. టేపు మీది పాటను చదివే హెడ్ కొంచెం వంకరయితే పాట మీద దుప్పటి కప్పినట్టు ఉండేది. చిన్న స్క్రూ తిప్పి సరిచేసేవాళ్లం, స్పిరిట్‌తో హెడ్ తుడిచేవాళ్లం. పైసలు పెడితే మోటారు, హెడ్, స్ప్రింగులు మంచివి వచ్చేవి. ఇప్పుడు ఆ తిరిగే సామానే లేదు. ఫైలులోని అంకెల్ని కరెంటుగా మార్చే చిప్పు ఒకటి, దాన్ని డ్యాక్ అంటారని నీకు తెలుసు. ఆ కరెంటును పెంచి ఇయర్‌ఫోన్‌కు ఇచ్చే యాంప్ ఒకటి. ఈ రెండు పనులూ తప్పు లేకుండా చేసే సామాను ఇవాళ వేయి, రెండు వేల డాంగిల్‌లో వస్తోంది. బొటనవేలంత ఉంటుంది, ఫోన్ ఛార్జింగ్ రంధ్రానికి తగిలించుకోవడమే.

నమ్మవని తెలుసు. నేనూ నమ్మలేదు. మా పక్కింట్లో అద్దెకుండే అబ్బాయి ఆర్‌ఈసీలో చదువుతాడు. దాన్ని ఎన్ఐటీ అనాలట, నా నోటికి ఆర్‌ఈసీ అనే వస్తుంది. వాడి దగ్గర నీ దానికంటే పెద్ద ధర ప్లేయర్ ఉంది. ఒక ఆదివారం దాన్నీ, నా ఫోన్‌కు తగిలించిన డాంగిల్‌నూ పక్కపక్కన పెట్టాం. ఒకే ఇయర్‌ఫోన్, ఒకే ఫైలు. ముందు ఇయర్‌ఫోన్ తగిలించే ఉంచి, 400 హెర్ట్జ్ టోను వాయించి, మల్టీమీటర్‌తో రెండింటి వోల్టేజీ సమానం చేశాను. ఇది చేయకపోతే పరీక్ష దండగ. వాల్యూమ్ ఒక వెంట్రుకవాసి ఎక్కువున్నా చెవి దాన్ని "ఎక్కువ" అనదు, "బాగుంది" అంటుంది. షాపుల్లో ఖరీదైనదాన్ని కొంచెం పెంచి వినిపిస్తే ఇక అంతే.

తర్వాత మీ అత్తను కూర్చోబెట్టి, మాకు కనబడకుండా పన్నెండుసార్లు వైరు మార్చమన్నాం. నేను ఏడు సరిగ్గా చెప్పాను. రూపాయి బిళ్ల ఎగరేసి చెప్పినా ఆరు వచ్చేవి. నాది ముసలి చెవి, పది వేల హెర్ట్జ్ దాటితే నాకు సున్నా. సరే, కుర్రవాడి చెవి చూద్దామంటే వాడికి ఎనిమిది. "ఎనిమిదంటే గెలిచినట్టే కదా అంకుల్" అన్నాడు. మళ్లీ పెడితే ఐదు. అత్త వైరు కింద పడేసి లేచిపోయింది, మధ్యలో కుక్కర్ విజిల్.

తర్వాత ప్లేయర్ మార్చకుండా ఇయర్‌ఫోన్ మార్చాం. ఫోన్‌తో పాటు వచ్చిన పాతది ఒకటి, వాడు ఆరు వేలకు కొన్నది ఒకటి. ఇక్కడ లెక్క పెట్టే పనే లేదు. మొదటి దరువుకే తెలిసిపోయింది. డప్పు దెబ్బ ఒకదాంట్లో అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంటే, ఇంకోదాంట్లో తోలు బిగువు తెలుస్తోంది.

అందుకే నా లెక్క ఇది: నీ పైసలు ముందు చెవికి ఆనుకుని ఉండేదాని మీద పెట్టు, తర్వాత రికార్డింగు మీద. ఆ రెండూ అయ్యాక ఏమన్నా మిగిలితే ప్లేయర్.

అన్నట్టు అసలు మాట. కాజీపేటలో దిగి పంపిన సెల్ఫీలో నీ చెవుల్లో వైరు లేని తెల్ల బడ్స్ ఉన్నాయి. బిడ్డా, బ్లూటూత్‌తో వింటే ఆ డెబ్బై వేల డబ్బాలోని డ్యాక్, యాంప్ రెండూ ఖాళీగా కూర్చుంటాయి. అంకెలు గాలిలో పోతాయి, బడ్స్ లోపల ఉన్న చిన్న చిప్పే వాటిని పాటగా మారుస్తుంది. బ్లూటూత్‌లో ఎక్కువ డేటా పంపే ఎల్‌డ్యాక్ పద్ధతి ఉంది కదా అంటావు. అది సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు, నిజమే. అది వాడినా పాటగా మార్చేది బడ్స్‌లో ఉన్న చిప్పే. పైగా ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఎట్లాగూ ఉంది. వైరు పెట్టుకునే ఓపిక నీకు లేకపోతే ఈ ఉత్తరం ఇక్కడే మడిచి పక్కన పెట్టు, ప్లేయర్ ఊసు వదిలేయ్.

వైరుతోనే వింటానంటే చెప్తా. రైలులో వినేవాడికి మొదటి శత్రువు రైలు చప్పుడే. చెవిలో బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోన్ కొనుక్కో, ఆరు నుంచి పది వేల మధ్య చాలు. దానితో వచ్చే రబ్బరు టిప్స్ మూడు సైజుల్లో ఉంటాయి, చాలామంది పెట్టెలోంచి తీసినప్పుడు ఏది తగిలించి ఉంటే అదే వాడతారు. మూడూ పెట్టి చూడు. సందు ఉంటే బేస్ మొత్తం బయటికి పోతుంది, వినేవాడు మిషన్‌ను తిడతాడు. ఎడమ చెవికి ఒక సైజు, కుడికి ఒక సైజు పట్టేవాళ్లూ ఉన్నారు, నాకు అట్లాగే. చప్పుడు బయటే ఆగిపోతే వాల్యూమ్ పెంచే పని కూడా తప్పుతుంది. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల దాకా పరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంతకు మించి పెంచేకొద్దీ గంటలు గబగబా తగ్గుతాయి. షాపులో రోజంతా హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నవాణ్ణి, రాత్రి పడుకుంటే చెవిలో కీచురాయి అరుస్తుంది. దానికి మందు లేదని డాక్టర్ చెప్పాడు.

రికార్డింగు మాటకొస్తే, హై రిజల్యూషన్, అంటే సీడీ కంటే ఎక్కువ వివరం, అని రాసి ఉందా లేదా అని వెతుకుతావు నువ్వు. సీడీ 1982లో వచ్చింది: 16 బిట్లు, సెకనుకు 44,100 నమూనాలు. మనిషి చెవి మంచి వయసులో 20 వేల హెర్ట్జ్ దాకా వింటుంది, అంతవరకు పట్టుకోవడానికి అది సరిపోతుంది. ఆ లెక్కన నాలుగు నిమిషాల పాట సుమారు 42 ఎంబీ. ఫ్లాక్ అంటే ఏమీ పోకుండా ఫైలును కుదించే పద్ధతి, అది చేస్తే దాదాపు సగానికి వస్తుంది. సెకనుకు 320 కిలోబిట్ల ఎంపీత్రీ అయితే పది ఎంబీ లోపే, అందులో కొంత పోతుంది. కానీ మంచి ఎన్‌కోడింగ్ అయితే ఏం పోయిందో పట్టుకోవడం చాలా కష్టం. పాత 128 ఎంపీత్రీని ఫ్లాక్‌గా మార్చి అమ్మేవాళ్లున్నారు, జాగ్రత్త. పిండి ఆడించాక మళ్లీ బియ్యం కావు.

నువ్వు ఎక్కువ వినేది ఘంటసాల కదా, మీ తాత అలవాటు. ఆ పాటలు చాలావరకు మోనో, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం. అప్పటి మైకు, అప్పటి టేపు, ఆ తర్వాత ఎవరో హడావుడిగా సీడీకి ఎక్కించింది. అందులో లేనిదాన్ని ఏ ప్లేయరూ పుట్టించదు. మంచి ఇయర్‌ఫోన్‌తో వింటే గొంతు దగ్గరికి వస్తుంది, దానితో పాటు టేపు చప్పుడూ దగ్గరికి వస్తుంది. రెండింటికీ సిద్ధంగా ఉండు. ఒకే పాట రెండు ఆల్బమ్‌లలో ఉంటే రెండూ విని చూడు. కొన్నిసార్లు ఒకదాంట్లో శ్రుతి కూడా కొంచెం తేడా ఉంటుంది, టేపు వేగం సరిగా పెట్టక. ఈ వెతుకులాటకు పైసలు కావు, ఓపిక కావాలి.

మరి ఆ డబ్బా ఎవరికీ పనికిరాదా అంటే, వస్తుంది. 300 ఓమ్స్ నిరోధం ఉండే పెద్ద హెడ్‌ఫోన్లు, సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటివి, చిన్న డాంగిల్‌తో ఉస్సూరుమంటాయి. వాటికి ఓల్టేజీ కావాలి. అయితే అంత హెడ్‌ఫోన్ రైల్లో ఎవరూ పెట్టుకోరు, ఇంట్లో టేబుల్ మీద చిన్న యాంప్ పెట్టుకుంటే సరిపోతుంది. ఇంకో కారణం నాకు న్యాయంగా అనిపిస్తుంది: ఫోన్ దూరంగా పెట్టి వినాలన్న కోరిక. చరణం మధ్యలో ఆఫీసు మెసేజ్ టింగుమంటే ఎంత మంచి డ్యాక్ ఉన్నా ఏం లాభం? ఆ కారణమైతే సోనీలోనే ఏ306 అని చిన్నది ఉంది, 25,990కి వచ్చింది. చైనా కంపెనీల చిన్న ప్లేయర్లు ఇంకా తక్కువలో దొరుకుతాయి, పాటలు కార్డులో వేసుకుని వినడానికి అవి చాలు.

ఏది కొన్నా బ్యాటరీ గురించి అడుగు. డ్యాక్ పదేళ్లయినా పనిచేస్తుంది, బ్యాటరీ మూడు నాలుగేళ్లకు నీరసపడుతుంది. లోపలి ఆండ్రాయిడ్ పాతబడితే పాటల యాప్‌లు ఒకరోజు తెరుచుకోవు. విదేశం నుంచి ఎవరో తెచ్చిన బిల్లు లేని సరుకు చవకని కొనకు. పక్కింటి అబ్బాయి ప్లేయర్ ఛార్జింగ్ రంధ్రం ఊడితే వరంగల్‌లో ముట్టుకున్నవాడు లేడు, కొరియర్‌లో పంపి రెండు నెలలు ఎదురుచూశాడు. చివరికి నేనే సోల్డరింగ్ ఐరన్ తీశాను.

ఇక మిగిలింది ఇష్టం. సోనీ వాళ్లే 2016లో రాగి డబ్బాకు బంగారు పూత పూసి ఒక వాక్‌మన్ తెచ్చారు, 455 గ్రాములు. జేబులో వేసుకుంటే ప్యాంటు జారుతుంది, అయినా కొన్నవాళ్లున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. నీకు కూడా ఆ వస్తువు చేతిలో పట్టుకోవాలని ఉంటే, ఈఎంఐ పెట్టకుండా, బోనస్ పైసల్లోంచి కొనుక్కో. కానీ అమ్మకు "సౌండ్ కోసం" అని చెప్పకు, "నచ్చింది, కొన్నాను" అని చెప్పు. ధర కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఏడు వేలని చెప్పి, ఆమె పక్కింట్లో అదే మాట చెప్పి నవ్వులపాలైతే నేను మధ్యలోకి రాను.

దసరాకు వస్తావు కదా, అప్పటిదాకా ఆగు. పక్కింటి అబ్బాయి ప్లేయర్ అడిగి ఉంచుతాను, నీ చెవితో నువ్వే పన్నెండుసార్లు విను. తొమ్మిదో పదో వస్తే, రెండోసారి కూడా అట్లాగే వస్తే, మీ అమ్మకు నేనే చెప్పి ఒప్పిస్తాను.

వచ్చేటప్పుడు ఒక పని చేసిపెట్టు. నా పాత క్యాసెట్ డెక్ బెల్టు జిగురులా కరిగిపోయింది. మీ అమ్మమ్మ బతుకమ్మ పాటలు పాడితే షాపులో ఎక్కించిన క్యాసెట్ ఒకటి బీరువాలో ఉంది, కంప్యూటర్‌లోకి తీయాలి. కోఠిలో గుజరాతీ గల్లీకి పోయి చదరం బెల్టు అడుగు, గుండ్రందిస్తే తీసుకోకు. పాత బెల్టు ముక్క కొలిచి సైజు వాట్సాప్‌లో పంపుతాను. రెండు తీసుకో, ఒకటి తగిలించేటప్పుడు తెగుతుంది.

మీ అత్త అడిగిందని చెప్పమంది.

ఇట్లు,
మామ