యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్‌కి పోర్టింగ్ తర్వాత లాగుడు, మైలేజీ పోతే ముందు రీడ్ వాల్వ్ చూడండి

బండి లాగుడు, మైలేజీ తగ్గడానికి ఇన్‌టేక్ పోర్టు (పెట్రోలు, గాలి ఇంజన్‌లోకి వెళ్లే దారి) కారణమా అని అడిగారు. తేడా ఎక్కువగా రీడ్ వాల్వ్‌లోనే (లోపలికి వెళ్లింది వెనక్కి రాకుండా ఆపే సన్నటి రేకులు) ఉంటుంది, మీరు అనుమానిస్తున్న ఇన్‌టేక్ పోర్టులో కాదు. కావలిలో పోర్టింగ్ (సిలిండర్ పోర్టులు గీకి పెద్దవి చేయడం) చేయించాక హైవే మీద బాగానే పోతోంది, ఇద్దరెక్కితే సెకండ్ గేర్‌లో గుంజట్లేదు, పెట్రోలు తాగేస్తోంది అన్నారు కదా. రీడ్ రేకులు సరిగ్గా మూసుకోకపోతే, తక్కువ ఆర్‌పీఎమ్‌లో క్రాంక్‌కేసులోకి (ఇంజన్ కింది గది) వెళ్లాల్సిన పెట్రోలు మళ్లీ కార్బొరేటర్‌లోకే వెనక్కి తన్నుతుంది.

1. ఎయిర్ ఫిల్టర్ విప్పి వేలితో తాకి చూడండి. కార్బొరేటర్ వైపు పెట్రోలు, టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కలిసిన జిడ్డు తడి ఉంటే అనుమానం నిజమే.

2. రీడ్ బ్లాక్ బయటికి తీసి ఎండకేసి పట్టుకుని చూడండి. అందరూ వదిలేసేది ఇదే. రేకు అంచున సన్నగా వెలుగు గీత కనిపించినా, మూల చిట్లినా మార్చాల్సిందే, ఎందుకంటే ఆ ముక్క ఊడి లోపలికి పోతే బోరు (సిలిండర్ లోపలి గోడ) గీసుకుపోతుంది. నా బండికి ఒంగోలులో రెండుసార్లు కార్బొరేటర్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) మార్పించాను, చివరికి చూస్తే ఒక రేకు మూల గోరంత పైకి లేచి ఉంది.

3. కొత్త రేకులతో పాటు గ్యాస్కెట్ కూడా కొత్తదే వేయండి, పాతది గాలి లాగుతుంది.

4. అయినా లాగకపోతే ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటికి పోయే దారి) పై అంచు కూడా గీకారేమో మెకానిక్‌ని అడగండి. అది పైకి జరిగితే తక్కువ ఆర్‌పీఎమ్‌లో టార్క్ (లాగే బలం) పోతుంది, ఇంకో బ్యారెల్ (సిలిండర్) వెతుక్కోవడమే మేలు.

మైలేజీ కోసం మెయిన్ జెట్ మాత్రం చిన్నది వేయకండి, పెట్రోలు చాలక ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది.