పాప బాప్తిస్మం: డేట్ పెట్టే ముందు

ప్రియమైన బిడ్డా,

వందనాలు. పాప, కోడలు కులాసా అని మీ అమ్మ చెప్పింది. తొట్లె ఫంక్షన్ బాగా జరిగిందట. అక్కడే పాపకు ఇప్పుడే బాప్తిస్మం ఇప్పించాలా, పెద్దయ్యాకనా అన్న మాట లేచి, మీ నాన్నకూ మీ మామగారికీ కాస్త గట్టిగానే నడిచిందట కూడా. నువ్వేమో ఫోన్లో "డేట్ పెట్టేస్తే వాళ్ళే సర్దుకుంటారు పెద్దమ్మా" అన్నావు. సర్దుకోరు బిడ్డా. మీ పెద్దనాన్న పాస్టర్‌గా ఉన్నన్నాళ్ళూ ఇలాంటి ఇళ్ళు ఎన్నో చూశాను. డేట్ సంగతి తర్వాత, ముందు వెళ్ళి మీ మామగారి పక్కన కూర్చో.

ఆయనది మొండితనం అనుకోకు. హన్మకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీల కాలం నుంచి వాళ్ళింట్లో నేర్చుకున్నది ఒక్కటే: ముందు విశ్వాసం, తర్వాత నీళ్ళు. నోరు తెరిచి 'నమ్ముతున్నాను' అనలేని పసిబిడ్డకు బాప్తిస్మం ఏమిటని ఆయన ప్రశ్న. అందుకే వాళ్ళు బిడ్డను గుడికి తీసుకెళ్ళి ప్రతిష్ఠ ప్రార్థన, అంటే దేవునికి అప్పగించే ప్రార్థన, చేయిస్తారు, బాప్తిస్మం పెద్దయ్యాక ముంచి ఇస్తారు. మన కరీంనగర్ సంఘాలేమో వెస్లియన్ మెథడిస్టు మిషన్ నుంచి వచ్చినవి. 1947లో సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) కలిసినా పసిపిల్లల బాప్తిస్మం మనకు అలాగే ఉంది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1784లో అమెరికా మెథడిస్టులకు పంపిన విశ్వాస సూత్రాల్లో కూడా చిన్నపిల్లల బాప్తిస్మాన్ని సంఘంలో కొనసాగించాలనే ఉంది.

ఎందుకంటే, మనం దేవుణ్ణి వెతకక ముందే ఆయన కృప మన దగ్గరికి వస్తుందని వెస్లీ బోధ. పాప ఇంకా ఏమీ చేయలేదు, ఏమీ చెప్పలేదు. అయినా దేవుడు తనదంటున్నాడు. బాప్తిస్మం ఆ మాటకు గుర్తు. మీ మామగారు "మరి దాని విశ్వాసం సంగతేంటి?" అంటే తోసెయ్యకు, మంచి ప్రశ్నే అది. వెస్లీకి పసితనంలోనే బాప్తిస్మం అయింది, తండ్రి పాస్టర్. అయినా 1738 మే 24న, లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో గానీ తన పాపాలు క్షమించబడ్డాయన్న నిశ్చయం ఆయనకు కలగలేదు. అప్పటికి 34 ఏళ్ళు. అంటే నీళ్ళు పోయించి చేతులు దులుపుకోమని మన పద్ధతీ చెప్పదు. పాప పెద్దదై, తరగతులకు వెళ్ళి, తన నోటితో ఒప్పుకున్నాకే కన్ఫర్మేషన్, అంటే ఆ విశ్వాసాన్ని సంఘం ముందు స్థిరపరచడం. ఈ సంగతి చెబితే సగం మంది బాప్టిస్టు మామలు మెత్తబడతారు. మిగతా సగం మెత్తబడకపోయినా కనీసం భోజనానికి వస్తారు.

అపొస్తలుల కార్యములు 16లో లూదియ, చెరసాల నాయకుడు ఇంటివారందరితో బాప్తిస్మం పొందారని మనవాళ్ళు చూపిస్తారు. ఆ ఇళ్ళలో పసిపిల్లలు ఉన్నారని ఎక్కడ రాసుందని వాళ్ళు అడుగుతారు. ఆ వాదనలోకి దిగకు, తెల్లారినా తేలదు.

అసలు కోడలి మనసులో ఏముందో అడిగావా? నువ్వు చెప్పినదాంట్లో అందరి మాటలూ ఉన్నాయి, ఆమె మాట ఒక్కటీ లేదు. ఆరాధనలో ప్రమాణం చేసేది తాతలు కాదు, మీ ఇద్దరు. ఆమెకు మనసొప్పకపోతే ఆగు. ఇప్పటికి ప్రతిష్ఠ ప్రార్థన చేయించుకున్నా తప్పులేదు. కానీ ఇటువైపు ఒకటి, అటువైపు ఒకటి అని మాత్రం ఒప్పుకోకు. మన దగ్గర బాప్తిస్మం ఒక్కసారే, మళ్ళీ ఇవ్వరు. రేపు పాప బాప్టిస్టు సంఘంలో సభ్యురాలు కావాలంటే వాళ్ళు మళ్ళీ ముంచుతామనవచ్చు. అది కూడా ఇప్పుడే ఇద్దరూ మాట్లాడుకోండి.

పాప తక్కువ బరువుతో పుట్టిందని మీ నానమ్మ తొందరపెడుతోందట. బాప్తిస్మం లేకుండా ఏమైనా అయితే ఎలా అని ఆమె భయం. ఆ టెన్షన్ నువ్వు పెట్టుకోకు. బాప్తిస్మం కాని పసిబిడ్డను దేవుడు వదిలేస్తాడని మెథడిస్టులు బోధించరు. డాక్టరు బయటికి తీసుకెళ్ళొచ్చు అన్నాకే గుడికి తీసుకెళ్ళు.

ఇక మెదక్ మాట. చెల్లెలు అక్కడ చేయిద్దామంటోందని విన్నాను. మిషనరీ పోస్నెట్ దొర కట్టించిన ఆ పెద్ద గుడి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. ఆ రంగుటద్దాల కింద ఫోటోలు బాగా వస్తాయి, కాదనను. కానీ ఆరాధనలో పాస్టర్ అయ్యగారు మీ తర్వాత సంఘాన్ని కూడా అడుగుతారు, ఈ బిడ్డను విశ్వాసంలో పెంచడానికి మీరు తోడుంటారా అని. అక్కడ "ఉంటాం" అనేవాళ్ళు పాపను మళ్ళీ చూడరు. మీరు ప్రతి ఆదివారం వెళ్ళే గుడిలోనే, మామూలు ఆరాధనలోనే చేయించండి. మెదక్ ఇంకోసారి వెళ్ళి చూసి రండి.

గాడ్ ఫాదర్, గాడ్ మదర్ ఉండి తీరాలనేమీ లేదు. పెట్టుకుంటే బంగారం గొలుసు వేసేవాళ్ళను కాదు, పాపకు పదేళ్ళు వచ్చాక కూడా ఇంటికి వచ్చిపోయేవాళ్ళను చూడండి. నీ బావమరిది బాప్టిస్టు కదా, ప్రమాణం చెప్పమని అతన్ని ఇరికించకు. వాక్యం చదవమను. మార్కు 10లో యేసు పిల్లలను ఎత్తుకున్న భాగం అయితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మేనమామగా అతనికి మర్యాదా దక్కుతుంది.

ఆ రోజు పాపకు నెట్ గౌను వెయ్యొద్దు. మెడ దగ్గర గరగరలాడుతుంది, నీళ్ళు పడకముందే ఏడుపు లంకించుకుంటుంది. మెత్తటి తెల్ల నూలు గౌను చాలు. ఆరాధన మొదలయ్యే ముందు కడుపునిండా పాలు పట్టించండి. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోయమని ముందు రోజే గుడి చూసుకునే అతనికి చెప్పు, చాలామంది మరిచిపోతారు. అయ్యగారి చేతికిచ్చేటప్పుడు పాప తల ఆయన ఎడమ మోచేతి మీదికి వచ్చేలా ఇవ్వు, కుడి చెయ్యి నీళ్ళకు కావాలి కదా. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామాల్లో నీళ్ళు పోశాక నుదురు తుడవడానికి చిన్న గుడ్డ కోడలి చేతిలో ఉండాలి. ఫోటోగ్రాఫరును రెండో వరుస దాటనివ్వకు.

అయ్యగారు పేరు అడిగినప్పుడు ఇంట్లో పిలిచే 'చిన్ని' అని చెప్పేస్తారు కొందరు. పాప పూర్తి పేరు కాగితం మీద రాసి ఆయనకు ముందే ఇవ్వు. పుట్టిన తేదీ సర్టిఫికెట్లో ఉన్న స్పెల్లింగే గుడి రిజిస్టరులోనూ పడాలి. సర్టిఫికెట్లో పేరు ఇంకా ఎక్కించకపోతే ఏడాదిలోపు ఫీజు లేకుండా ఎక్కిస్తారు, ఈ పని ముందు చూసుకో. పెళ్ళినాడు ఈ బాప్తిస్మం సర్టిఫికెట్టే అడుగుతారు. అప్పుడు ఒక్క అక్షరం తేడా ఉన్నా తిరుగుడే తిరుగుడు.

దావత్‌కు బగారా, మటన్ చాలు, ఫంక్షన్ హాలు వద్దు. అప్పు చేసి అసలే వద్దు.

మీ మామగారితో మాట్లాడాక ఆయన ఏమన్నాడో నాకు ఫోన్ చెయ్యి. అవసరమైతే నేనూ వస్తాను, హన్మకొండ ఎంత దూరం గనక.

మీ పెద్దమ్మ